అడాప్టర్ మీది ఒక్క అక్షరం

టోక్యోలో పాత కెమెరాల దుకాణంలో నా ఉద్యోగం. అమ్మకానికి వచ్చిన సరుకు ఏమిటో పోల్చుకుని, విదేశాల నుంచి కొనేవారికి అర్థమయ్యేలా వివరం రాయాలి. కెమెరాలకూ లెన్సులకూ పేర్లూ నంబర్లూ ఉంటాయి కనుక వాటితో పెద్ద ఇబ్బంది లేదు. పని పెట్టేవల్లా రెంటినీ కలిపే అడాప్టర్ రింగులే. పెద్దవాళ్లు పోయాక ఇల్లు ఖాళీ చేసే కుటుంబాలు తెచ్చే డబ్బాల్లో ఇవి మూతలతో, ఫిల్టర్లతో కలగలిసి వస్తాయి.

కొన్నింటి మీద ఒక్క అక్షరమే ఆధారం. కానన్ తన పాత ఎస్ఎల్ఆర్ (లెన్సు గుండానే దృశ్యం చూపే) కెమెరాల కోసం చేసిన కన్వర్టర్లలో, అంటే అడాప్టర్లలో, ‘ఎన్’ నికాన్ లెన్సులకు, ‘పి’ 42 మిల్లీమీటర్ల మర ఉన్న లెన్సులకు, ‘ఇ’ ఎగ్జాక్టా లెన్సులకు, ‘బి’ లైకా మర లెన్సులకు. పోటీదారు లెన్సుకు తానే దారి చూపడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. మొదటి మూడింటితో ఇన్ఫినిటీ దాకా, అంటే ఎంతో దూరపు వస్తువుల దాకా, ఫోకస్ అందుతుంది, ‘బి’తో అందదు, కాబట్టి అరిగిన నల్లరంగు కింద ఉన్న అక్షరాన్ని దీపం పక్కవాటుగా పట్టి, భూతద్దంతో చూడక తప్పదు.

లైకా రింగుల సంగతి ఇంకా సూక్ష్మం. 1954లో లైకా ఎం3 కెమెరాతో, మరకు బదులు కాస్త తిప్పి బిగించే బాయొనెట్ మౌంటు (లెన్సు తగిలించే చోటు) వచ్చినప్పుడు, మౌంటు నుంచి ఫిల్ముకు ఉండే దూరం 28.8 నుంచి 27.8 మిల్లీమీటర్లకు తగ్గింది. పాత మర లెన్సును కొత్త కెమెరాకు తగిలిస్తూ ఆ తేడాను పూడ్చే రింగు మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు. పాతవాటి మీద లెన్సు ఫోకల్ లెంగ్త్ సెంటీమీటర్లలో 5, 9, 13.5 అనీ, తర్వాతి వాటి మీద మిల్లీమీటర్లలో 50-75, 28-90, 35-135 అనీ చెక్కి ఉంటుంది. వ్యూఫైండర్లో ఏ ఫ్రేము గీతలు (ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపేవి) కనిపించాలో రింగు అంచు ఆకారమే నిర్ణయిస్తుంది కనుక, ఆ అంకె తప్పు రాస్తే కొన్నవారికి లెన్సుకు సరిపడని గీతలు కనిపిస్తాయి.

రాత ఉన్నా మా మేనేజరు ఊరుకోరు. “చదివారు సరే, రావుసాన్, కొలిచారా?” అని వెర్నియర్ కాలిపర్స్ అందిస్తారు. ఆయన పట్టుదలకు కారణం ఉంది. ఎం42, టీ2 రెండూ 42 మిల్లీమీటర్ల మరలే అయినా, మొదటిదాని మర చుట్ల మధ్య దూరం ఒక మిల్లీమీటరు, రెండోదానిది 0.75. ఒకదాన్ని ఇంకొకదానికి బిగించబోతే, హార్లిక్స్ సీసాకు వేరే సీసా మూత పెట్టినట్టు కాస్త తిరిగి పట్టేస్తుంది. బలవంతం చేస్తే అల్యూమినియం మర చెడుతుంది.

ఏ రాతా లేని రింగుల్లో నాకు ఎక్కువగా తగిలేవి ఎం42 లెన్సును పెంటాక్స్ కె కెమెరాకు తగిలించేవి. 1975లో కె మౌంటు తెచ్చినప్పుడు పెంటాక్స్ మౌంటు నుంచి ఫిల్ముకు ఎం42లో ఉన్న పాత దూరాన్నే, 45.46 మిల్లీమీటర్లనే, ఉంచింది. అందుకే ఆ కంపెనీ రింగు మౌంటు లోపలికి పూర్తిగా దిగిపోతుంది. బయటికి అంచు ఉన్న రింగు లెన్సును ముందుకు నెడుతుంది, దాంతో దూరపు వస్తువులకు ఫోకస్ అందదు. అలాంటిది దొరికితే “దగ్గరి వస్తువులకు మాత్రమే” అని చీటీ అంటించి జంక్ బుట్టలో వేస్తాం.