పినాంగ్ తిండి లాగ్: టైమ్ దొరికితే బండి దొరికినట్టే

బ్యాంకాక్, సింగపూర్ అయ్యాక నా లిస్టులో తర్వాత పేరు పినాంగ్, చాన్నాళ్లుగా పెండింగు, మొత్తానికి ఇప్పటికి అయ్యింది. మలేషియాకి వాయవ్యాన చిన్న దీవి, దాని పాత ఊరు జార్జ్‌టౌన్, 2008లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది. సింగపూర్‌లో 1970లు, 80ల్లోనే గవర్నమెంటు బండ్లన్నిటినీ రోడ్ల మీంచి లేపేసి హాకర్ సెంటర్లలో, అంటే బండ్లన్నీ ఒకేచోట ఉండే షెడ్లలో పెట్టేసింది, శుభ్రంగా ఉంటుంది, ఏ పూట వెళ్లినా ఏదో ఒకటి తెరిచే ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు. బండ్లు ఇంకా రోడ్డు మీదే, కాఫీ షాపుల ముందే ఉన్నాయి, ఒక్కో బండిది ఒక్కో పూట, సరుకు అయిపోతే మూసుకుని వెళ్లిపోవడమే. అందుకే ఈసారి మ్యాప్‌లో పిన్నులు పెట్టడం మానేసి నోట్‌బుక్కులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని గళ్లు గీసుకున్నా, ఐటమ్ పక్కన దాని పూట, సెలవు రోజు. వీధి పేరు ఆ తర్వాతే. ఇదొక్కటి చేసుకుంటే పినాంగ్‌లో సగం పని అయిపోయినట్టే, నన్నడిగితే.

ముందు వెళ్లడం సంగతి. చెన్నై నుంచి ఇండిగో డైరెక్ట్ ఉంది, 2024 డిసెంబర్‌లో మొదలైంది, నెల్లూరు తిరుపతి వాళ్లకి అదే బెస్టు. మేం వైజాగ్ వాళ్లం కాబట్టి కౌలాలంపూర్‌లో దిగి, కేఎల్ సెంట్రల్‌లో ఈటీఎస్ ట్రైన్ ఎక్కి సుమారు నాలుగు గంటల్లో దీవికి ఎదురు ఒడ్డునున్న బటర్‌వర్త్, అక్కణ్నించి ఫెర్రీలో జార్జ్‌టౌన్. ఫెర్రీ మాత్రం వదలొద్దు, ఊరంతా సముద్రం వైపు నుంచి కనపడుతుంది. మనకి 2026 డిసెంబర్ 31 దాకా వీసా అక్కర్లేదు, 30 రోజులు ఉండొచ్చు, కాకపోతే దిగే ముందు 3 రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. లెక్కకి రింగిట్, అంటే వాళ్ల డబ్బు, 20 రూపాయల పైమాటే. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి, సిటీ బస్సుల్లో చిల్లర ఇవ్వరు. పాత ఊళ్లో క్యాట్ అని ఫ్రీ బస్సు తిరుగుతుంది, ఎండలో ప్రాణం నిలబెడుతుంది.

నాతో మా బావమరిది వచ్చాడు, పక్కా వెజిటేరియన్. స్ట్రీట్ ఫుడ్ ట్రిప్పుకి వెజిటేరియన్ని తీసుకెళ్లడం ఏంటని ఇంట్లో అందరూ నవ్వారు గానీ వాడి వల్ల ప్రతి గిన్నెలో ఏముందో అడగడం అలవాటైంది, నోట్సు రెండింతలు అయ్యాయి.

పొద్దున పూట మామక్ షాపులో మొదలుపెట్టాం, అంటే తమిళ ముస్లింల టిఫిన్ షాపులు. రోటీ చనాయ్ 2 రింగిట్ల లోపే, టే తారిక్, అంటే తిరగబోసి నురగ తెప్పించిన పాల టీ, ఇంకో రెండున్నర. రోటీకి పిండిని గాల్లో తిప్పి తిప్పి పల్చగా లాగి మడిచి పెనం మీద వేస్తాడు, పొరలు పొరలుగా వస్తుంది. వెజ్ వాళ్లకి ఒక హెచ్చరిక, పప్పు పోసి దాని మీద ఒక గరిటె చేపల కూర పులుసు కూడా పోసేస్తారు, అదే వాళ్ల స్టైలు, అందుకని ముందే "దాల్ సజా" అనాలి, పప్పు ఒక్కటే అని. తీపి తక్కువ కావాలంటే "కురాంగ్ మనిస్". ఈ రెండు ముక్కలు రానివాడు రోజూ పంచదార పాకం తాగుతూ ఉంటాడు.

చైనీస్ కాఫీ షాపుల లెక్క వేరే. షాపు ఓనర్‌ది డ్రింకుల వ్యాపారం, లోపల బండ్లు పెట్టుకున్నవాళ్లు అద్దెకున్నవాళ్లు. ముందు టేబుల్ పట్టుకోవాలి, నంబర్ చూసుకోవాలి, కావాల్సిన బండి దగ్గరికెళ్లి ఐటమ్, నంబర్ చెప్పొచ్చేయాలి, వాళ్లే తెచ్చి పెట్టి డబ్బులు అప్పుడే తీసుకుంటారు. డ్రింకుకి వేరే మనిషి వస్తాడు, ఒక కాఫీ అయినా చెప్పడం మర్యాద. కోపీ అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో, కోపీ ఓ అంటే పాలు లేకుండా పంచదారతో, కోపీ ఓ కోసోంగ్ అంటే రెండూ లేకుండా.

మధ్యాహ్నానికి అసామ్ లక్సా, అంటే పుల్లటి చేపల చారులో నూడుల్స్. నేను వచ్చిందే దీనికోసం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి. ఊరి మధ్య కోమ్‌తార్ టవర్ దగ్గర 204 బస్సు ఎక్కితే కెక్ లోక్ సి గుడి ఉన్న ఆయర్ ఇతమ్ వైపు దింపుతుంది, లక్సా తినేసి గుడి మెట్లెక్కితే అరుగుతుంది కూడా. లక్సా అనగానే సింగపూర్‌లో కొబ్బరిపాలతో చేసే కూరలాంటిది గుర్తొస్తుంది, ఇది పూర్తిగా వేరు, కొబ్బరి చుక్క కూడా ఉండదు. చేపలు ఉడకబెట్టి ముళ్లు తీసి కండంతా చారులోనే చిదిపేస్తారు, చింతపండు పులుపు, ఎండబెట్టిన పుల్లటి కాయ ముక్కలు, ఎండుమిర్చి, లావుపాటి బియ్యం నూడుల్స్, పైన కీరా, అనాస, ఉల్లిపాయ, పుదీనా. మొదటి గుక్కకి మన చేపల పులుసే రసంలా పల్చగా కాచి పోశారేమో అనిపిస్తుంది, రెండో గుక్కకి బుంగా కంతాన్ అనే పువ్వు మొగ్గ వాసన తగులుతుంది, అది మన వంటల్లో ఎక్కడా లేనిది. చివర్లో ఒక చెంచా హే కో పెడతారు, నల్లగా తారులా ఉండే తియ్యటి రొయ్యల పేస్టు, అది కలపకుండా తింటే లక్సా సగమే తిన్నట్టు. గిన్నె 7 రింగిట్లు.

దీని మీదకి చెండోల్ పడాలి. లెబూ కెంగ్ క్వీ సందులో బండ్ల దగ్గర నిలబడి తాగడమే, ఐస్ తురుము, కొబ్బరిపాలు, పాందాన్ ఆకు వేసిన పచ్చటి పిండి పోగులు, రాజ్మా గింజలు, నల్ల బెల్లం పాకం. మావాడు నమ్మకంగా తాగగలిగింది ఇదే. పక్కన పసెంబూర్ అనే సలాడ్ బండి చూసి ఆశగా "బావా, ఇది కూడా రొయ్యలేనా?" అన్నాడు, చూస్తే గారెల్లా కనపడ్డవన్నీ రొయ్యల వడలే, పాపం. వాడికి మార్కెట్ స్ట్రీట్, క్వీన్ స్ట్రీట్ దగ్గర లిటిల్ ఇండియానే దిక్కయింది, ఇడ్లీ, అరిటాకు భోజనం, 1833 నాటి మారియమ్మన్ గుడి అన్నీ అక్కడే. చైనీస్ వెజ్ బండ్లు కూడా ఉంటాయి గానీ మామూలు బండ్ల దగ్గర "కూరలు మాత్రమే" అంటే నమ్మకండి, కారం పేస్టులోనే బెలచాన్ ఉంటుంది, అది పులియబెట్టిన రొయ్యల ముద్ద.

సాయంత్రం లోరోంగ్ బారు, అందరూ న్యూ లేన్ అంటారు, చీకటి పడే వేళకి రోడ్డు పక్కంతా బండ్లు, టేబుళ్లు పరిచేస్తారు. చార్ క్వే తియావ్ ఇక్కడ తిన్నాం. వెడల్పు బియ్యం నూడుల్స్, రొయ్యలు, గుడ్డు, మొలకలు, సోయా, మూకుడులో పెద్ద మంట మీద వేయించేది. క్యూ మెల్లగా కదులుతుంది, విసుక్కోవద్దు, ఎందుకంటే మంచివాళ్లు ప్లేటుకి ప్లేటు విడిగానే వేయిస్తారు, నాలుగు ప్లేట్లది ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి నూడుల్స్ ఉడికిపోతాయి, ఆ మాడీమాడని పొగ వాసన రాదు. కాబట్టి ఒకేసారి గుట్టగా వేయించి గిన్నెలకి పంచుతుంటే పక్క బండికి వెళ్లిపోండి, ఇది నా గట్టి రూలు. చైనీస్ బండ్లలో పంది కొవ్వు, పంది సాసేజీ వేయడం మామూలే, తిననివాళ్లు హలాల్ బండి చూసుకోవాలి. ఇంకోటి, గుల్లల మాంసం సగం పచ్చిగా వేస్తారు, కడుపు మీద బెంగ ఉంటే "టక్ మావు కెరాంగ్" అనండి, తీసేస్తారు. 10 రింగిట్లు, బాతు గుడ్డు అయితే ఇంకొంచెం ఎక్కువ.

మూకుడు దగ్గర నిలబడేది చాలాచోట్ల పెద్దవాళ్లే. 2016 నుంచి పినాంగ్‌లో హాకర్ బండ్ల దగ్గర విదేశీ వంటవాళ్లు వండకూడదని రూలుంది, రుచి మారకూడదని పెట్టారు. మంచిదే, కానీ ఆ వేడిలో వాళ్ల పిల్లలు నిలబడతారా అన్నది నా డౌటు.

రాత్రికి నాసి కందార్. పూర్వం తమిళ ముస్లింలు కావడి మీద ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు మోసుకుని రేవు కూలీలకి అమ్మేవాళ్లు, ఇప్పుడు పెద్ద షాపులయ్యాయి, కాంప్‌బెల్ స్ట్రీట్‌లో హమీదియా 1907 నుంచి ఉంది. అన్నం పెట్టించుకుని కూరలు వేలితో చూపించడమే, "బంజిర్" అంటే నాలుగైదు పులుసులు కలిపి ప్లేటు ముంచేస్తారు, వరద అన్నమాట, అలాగే తినాలి. బోర్డు మీద రేట్లు ఉండకపోవచ్చు, పెద్ద రొయ్య, చేప తలకాయ లాంటివి ప్లేటులో పడకముందే రేటు అడగండి. కోడి, బెండకాయ, గుడ్డుతో నాకు 14 రింగిట్లు అయ్యింది.

ఇక ఇంట్లో అసామ్ లక్సా చేసే ప్రయత్నం ఎందాకా వచ్చిందంటే. హే కో డబ్బా రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ బ్యాగులో తెచ్చా. చేప సమస్యే లేదు, అక్కడ లక్సాలో వేసే కెంబుంగ్ మన కానాగంతల జాతే, ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే వెళ్తే దొరుకుతాయి. పులుపు, చిక్కదనం ఇప్పుడు దాదాపు వచ్చేశాయి, చారు వడకట్టి కండ మళ్లీ కలిపాక చిన్న మంట మీద గంటసేపు ఉంచితే బాగా తేడా తెలుస్తోంది. బుంగా కంతాన్ మాత్రం దొరకలేదు, అల్లం, నిమ్మగడ్డి వేసి చూశా, బాగుంది గానీ లక్సా కాదు. వంటింట్లో హే కో మూత తీసిన రోజు మా ఆవిడ బాల్కనీలోనే భోంచేసింది.

చూడకుండా మిగిలింది బలిక్ పులావ్ అనే ఊరు. దీవికి అవతలి వైపు, 401 బస్సు వెళ్తుంది, అక్కడ అసామ్ లక్సా, కొబ్బరిపాల సియామ్ లక్సా రెండూ పక్కపక్కనే పెడతారు, సగం సగం కలిపి కూడా ఇస్తారట. దురియన్ తోటలు కూడా అటే, జూన్ జులైలో మంచి సీజను. సెప్టెంబర్ అక్టోబర్‌లో వానలెక్కువ, రోడ్డు బండ్లకి అది పనికిరాదు. కాబట్టి జూన్ అనుకుంటున్నా, బావమరిది ఈసారి రానన్నాడు, దురియన్ వెజ్జేరా అని చెప్పి చూస్తా.