ముంజేతి మీద ఆరు లేబుళ్లు

గోదాములో ఒకరికి వెళ్లాల్సిన పార్శిల్ ఇంకొకరికి వెళ్లిపోతోంది, ప్యాకింగ్ వాళ్లకి "శ్రద్ధగా పనిచేయడం" మీద రెండు రోజుల ట్రైనింగ్ పెట్టండి అని మేనేజర్ మెయిల్ పంపితే, నేను తిరిగి అడిగినవి రెండే ప్రశ్నలు. ఎంతమంది? ఏ తేదీన? ఇది జరిగి ఏడేళ్లయింది. అంతకుమించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ముప్ఫై నాలుగు మంది రెండు రోజుల పాటు పని పక్కన పెట్టి నా ముందు కూర్చున్నారు మరి.

క్లాసు బాగానే జరిగింది. చివర్లో పంచిన ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో సగటు అయిదుకి నాలుగున్నర దాటింది. ఒకరు "ఇంకో రోజు ఉంటే బాగుండేది" అని రాశారు. అవన్నీ ఒక పేజీలో పెట్టి పైవాళ్లకి పంపి ఫైలు మూసేశాను. మూడు నెలలకి అదే మేనేజర్ దగ్గర్నుంచి మళ్లీ మెయిల్. తప్పులు తగ్గలేదు, ఇంకో బ్యాచ్ పెడదామా?

ఈసారి తేదీ ఇవ్వలేదు. ఒక షిఫ్టంతా ప్యాకింగ్ టేబుళ్ల పక్కన నిలబడి చూస్తానన్నాను.

గంట తిరక్కుండానే సంగతి కళ్లబడింది. మూడు టేబుళ్లకీ కలిపి లేబుల్ ప్రింటర్ ఒకటే ఉంది, అదీ గోడవార. ఒక్కో లేబుల్ కోసం అంత దూరం వెళ్లొస్తే ఆ రోజు లెక్క పూర్తికాదు. అందుకని ఆరేసి ఆర్డర్లకి ఒకేసారి ప్రింట్ తీసుకుని, ఆ లేబుళ్లని ఎడమ ముంజేతి మీద వరసగా అంటించుకుంటున్నారు. మణికట్టు దగ్గరిది మొదటి పెట్టెకి, మోచేయి దగ్గరిది ఆరో పెట్టెకి. ఆర్డర్ వివరాలున్న స్లిప్పు లోపల పడేయడం, పెట్టె మూయడం, టేపు లాగడం, చేతి మీంచి లేబుల్ ఒలిచి అద్దడం. నేను చూస్తున్న ఆవిడ చేతుల్లో ఎంత ఒడుపుందో! మూడో పెట్టె దగ్గర ఉండగా సూపర్‌వైజర్ వచ్చి, "అర్జెంటు, ముందు ఇది కానియ్" అని ఇంకో పెట్టె ఆవిడ ముందుకు తోశాడు. ఆవిడ దాన్ని మూసి, అలవాటు కొద్దీ మణికట్టు వైపున్న లేబుల్ ఒలిచి దాని మీద అంటించేసింది. ఆ లేబుల్ మూడో పెట్టెది. అక్కణ్నుంచి చేతి మీద మిగిలినవన్నీ ఒక్కో పెట్టె జరిగిపోయాయి.

నేను ఆపి అడిగాను. "లేబుల్ మీది నంబరూ స్లిప్పు మీది నంబరూ పోల్చి చూడాలని క్లాసులో చెప్పుకున్నాం కదమ్మా?"

"గుర్తుంది మేడమ్. కానీ స్లిప్పు లోపల పెట్టి టేపు వేసేశాకే కదా లేబుల్ వేసేది. ఇంకెక్కడ చూడను?"

నా దగ్గర జవాబు లేదు. నేను రెండు రోజులు చెప్పింది ఆవిడకి ముందే తెలుసు. తెలిసింది చేయడానికి ఆ టేబుల్ దగ్గర వీలు లేదు. తర్వాత స్లిప్పుని పెట్టె బయట పారదర్శకమైన కవర్లో అంటించడం మొదలుపెట్టారు, టేబుల్‌కో చిన్న ప్రింటర్ ఇచ్చారు. తప్పు పార్శిళ్లు ఆ నెలలోనే బాగా తగ్గాయి. అందులో నా క్లాసు పాత్ర ఏమీ లేదు.

రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ అనే ఇద్దరు ట్రైనింగ్ నిపుణులు 1970లోనే ఒక సూటి ప్రశ్న వేశారు. ప్రాణం మీదికొస్తే ఆ మనిషి ఆ పని చేయగలడా? చేయగలిగితే లోపం చదువులో లేదు, ఇంకెక్కడో ఉంది. థామస్ గిల్బర్ట్ 1978లో దీన్నే ఆరు గదులుగా విడదీశాడు. మూడు గదులు పనిచేసే చోటుకి సంబంధించినవి: సమాచారం, పనిముట్లు, ప్రతిఫలం. మూడు మనిషికి సంబంధించినవి: తెలివిడి, సామర్థ్యం, ఇష్టం. ముందు చోటు వైపు చూడమన్నాడు, ఎందుకంటే అక్కడ సరిచేయడం తేలిక, ఫలితమూ ఎక్కువ. మన ఆఫీసుల్లో జరిగేది దీనికి పూర్తిగా తిరగేసి. ఏ తప్పు జరిగినా మనిషి తెలివిడి అనే ఒక్క గది తలుపే తడతాం. ప్రింటర్ కొనాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి, ట్రైనింగ్‌కి ఒక మెయిల్ చాలు. మన దగ్గర ఇన్ని ట్రైనింగులు జరగడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

అలాగని ట్రైనింగ్ దండగ అనను. అదే గోదాములో, తిరిగొచ్చిన సరుకు చూసే టేబుల్ దగ్గర నిజంగానే నేర్పాల్సిన పని ఒకటి దొరికింది. పగిలిన వస్తువు వస్తే కారణం కోడ్ వేయాలి. రవాణాలో దెబ్బా, ప్యాకింగ్ లోపమా, తయారీ లోపమా. పెట్టె మూల నొక్కుకుపోయి, లోపల సర్దిన మెత్తలు సరిగ్గానే ఉంటే కథ ఒకటి. పెట్టెకి గీత కూడా లేకుండా లోపలి వస్తువు రెండు ముక్కలైతే కథ ఇంకొకటి. ఈ తేడా ఎవరూ వాళ్లకి చూపించలేదు. తీరిగ్గా కూర్చోబెట్టి అడిగినా చెప్పలేకపోయారు. నేర్పాల్సింది ఇలాంటివే.

ఇక్కడ కొలత ముందే మొదలుపెట్టాను. క్లాసుకి వారం ముందు, నిజంగా తిరిగొచ్చిన పది వస్తువులు టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కరినీ కోడ్ వేయమన్నాను. పగటి షిఫ్టు సగటు పదికి అయిదు, రాత్రి షిఫ్టుదీ అయిదే. మేనేజర్ మాత్రం పోయిన నెల ఎక్కువ తప్పులు చేసిన వాళ్లనే క్లాసుకి పంపుతానన్నాడు. వద్దని పట్టుబట్టాను. ఒక నెల బాగా చెడ్డగా వచ్చిన అంకెలో కొంత ఆ నెల దురదృష్టం కూడా కలిసి ఉంటుంది. ఏమీ చేయకపోయినా మరుసటి నెల అది కాస్త సగటు వైపుకి జరుగుతుంది. వాళ్లనే పంపి, తర్వాత అంకె చూసి "చూశారా, బాగుపడ్డారు" అంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఈ మోసం చాలా రిపోర్టుల్లో చూశాను, రాసినవాళ్లకి కూడా తెలియకుండానే జరిగిపోతుంది.

అందుకని పగటి షిఫ్టు మొత్తానికి ముందు నేర్పాం, రాత్రి షిఫ్టుకి రెండు నెలల తర్వాత. మొదటి క్లాసైన ఆరు వారాలకి వేరే పది వస్తువులతో, అదే టేబుల్ దగ్గర, రెండు షిఫ్టుల వాళ్లకీ మళ్లీ పరీక్ష పెట్టాం. పగటి వాళ్లకి ఎనిమిది వచ్చింది. ఏ క్లాసూ వినని రాత్రి వాళ్లకి ఆరు. ఒకసారి పరీక్ష రాసినందుకో, షిఫ్టు మారేటప్పుడు పగటి వాళ్ల మాటలు చెవిన పడినందుకో, వాళ్లూ ఒకటి పెరిగారు. కాబట్టి నా క్లాసు ఖాతాలో వేసుకోగలిగింది మూడు కాదు, రెండే. మనుషులు తక్కువ కాబట్టి ఆ రెండు కూడా గట్టి లెక్కని చెప్పను. అయినా ఫీడ్‌బ్యాక్ ఫారాల్లోని నాలుగున్నర కన్నా నాకు ఈ రెండు మీదే గౌరవం ఎక్కువ.

ఆరు వారాలు ఎందుకంటే, క్లాసు చివరి గంటలో పెట్టే పరీక్ష ఆ గంట జ్ఞాపకాన్నే కొలుస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల వరసలు తనే కంఠస్థం చేసి, తన మీదే పరీక్షించుకుని 1885లో చూపించాడు, మరుపు మొదటి గంటల్లోనే చాలా మేర జరిగిపోతుందని. పని చేతికి పట్టిందా లేదా అన్నది ఆ మరుపు దాటాక చూడాల్సిన విషయం.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ ట్రైనింగ్ పనిచేసిందా అని కొలవడానికి డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు నోటికొచ్చు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, ఫలితం మారిందా. నోటికొచ్చినా మనలో చాలామందిమి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం, దానికి ఒక కాగితం చాలు కనుక. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 1997 నాటి విశ్లేషణ ఒకటుంది. క్లాసు ఎంత నచ్చిందన్న దానికీ ఎంత నేర్చుకున్నారన్న దానికీ సంబంధం చాలా స్వల్పమని అందులో తేలింది. "ఇది నా పనికి పనికొస్తుంది" అన్న జవాబుకి మాత్రం కాస్త విలువ కనబడింది. అప్పట్నుంచి నా ఫారంలో "ట్రైనర్ ఎలా చెప్పారు" అన్న ప్రశ్న తీసేసి, "రేపు షిఫ్టులో మీరు వేరుగా చేసే పని ఒకటి రాయండి" అని పెట్టాను. ఖాళీగా వదిలేసిన ఫారాలే నాకు ఎక్కువ చెబుతాయి.

మూడో మెట్టు కష్టం. కోడ్ టేబుల్ దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, పరీక్షలో పదికి తొమ్మిది. రోజువారీ లాగ్ తీస్తే ప్రతి వస్తువుకీ "రవాణాలో దెబ్బ" అనే వేస్తున్నాడు. అడిగితే తల దించుకున్నాడు. "వేరే కోడ్ వేస్తే ఫోటో తీయాలి మేడమ్. మా సార్ ఫోటోలు తర్వాత, ముందు లెక్క కానీ అంటారు." అతను నేర్చుకున్నది నిజం, దాన్ని వాడనివ్వనిదీ నిజం. బాల్డ్‌విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు 1988లో, నేర్చుకున్నది పనిలోకి రావాలంటే పైవాళ్ల ఊతం కావాలని రాసింది ఇలాంటి చోటు గురించే. ఆ సూపర్‌వైజర్‌తో అరగంట కూర్చున్నాను. తప్పు కోడ్ వల్ల రవాణా వాళ్లు తిప్పికొట్టిన క్లెయిములు చూపించాను. తర్వాతి వారం నుంచి ఫోటో తీసే సమయాన్ని కూడా రోజు లెక్కలో కలిపాడు. కుర్రాడి లాగ్‌లో మిగతా రెండు కోడ్‌లూ అప్పుడే కనిపించడం మొదలైంది.

నిన్న ఒక మెయిల్ వచ్చింది. కాల్ సెంటర్‌లో నలభై మందికి "కమ్యూనికేషన్ స్కిల్స్" కావాలట, వచ్చే నెలలోనే. కస్టమర్లు కోపంగా ఫోన్ పెట్టేసిన కాల్స్ ఓ ఇరవై వినిపించమని జవాబు రాశాను. రేపు ఉదయం మొదటి షిఫ్టులో, ఎక్కువ కాల్స్ తీసుకునే అమ్మాయి పక్కన నాకో కుర్చీ, ఇంకో హెడ్‌సెట్ ఏర్పాటు చేయమన్నాను. క్లాసు తేదీ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు.