ఐబీ డిప్లొమానా, ఏ లెవెల్సా: ఐజీసీఎస్ఈ ముగించిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ

పదో తరగతికి సమానమైన ఐజీసీఎస్ఈ తర్వాత, ఇంటర్‌కు బదులుగా చదివే రెండేళ్ల అంతర్జాతీయ కోర్సులు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా, ఏ లెవెల్స్. వాటిలో ఏది అని ఆలోచించే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీకు ఐఐటీ, ఎన్ఐటీ సీటు తప్ప మరేదీ వద్దా? అలాగైతే మీ చుట్టాలు చెబుతున్న మాటే నిజం, ఇంటర్ ఎంపీసీలో చేరిపోండి. బోర్డు గుర్తింపు విషయంలో ఇబ్బందేమీ లేదు. జేఈఈ మెయిన్ నిబంధనల్లో జెనీవా ఐబీ డిప్లొమా, లండన్, కేంబ్రిడ్జ్ బోర్డుల ఏ లెవెల్స్ రెండింటినీ గుర్తించారు. అడ్డొచ్చేది సమయం. ఇంటర్ విద్యార్థి రెండేళ్లూ జేఈఈ లెక్కలు చేస్తూ ఉంటే, ఐబీ విద్యార్థి అదే సమయంలో హిందీ సంభాషణకూ, ఎకనామిక్స్ వ్యాసాలకూ సిద్ధమవుతుంటాడు. పైగా మే పరీక్షల ఐబీ ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి. ఈ మధ్య ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ జూన్‌లోనే మొదలవుతోంది. రెండూ నెగ్గుకొచ్చినవాళ్లు లేకపోలేదు, కానీ అది ఒకే ఒంటితో రెండు కోర్సులు చదవడమే.

నీట్ రాయాలనుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఐబీ మామూలు నిబంధనల ప్రకారం రెండు సైన్సులకు మించి తీసుకోలేరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలంటే పాఠశాల ద్వారా ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. అప్పుడు కూడా మ్యాథ్స్ వదలదు. ఏ లెవెల్స్‌లో ఈ గొడవే లేదు, మూడు సైన్సులూ నేరుగా తీసుకోవచ్చు. అయితే నీట్ అర్హతలో ఇంగ్లిష్ కూడా ఉంది కాబట్టి దాన్ని ఏ స్థాయిలో చూపించాలో చేరే ముందే కనుక్కోండి.

ఇక విదేశాలో, మన దేశంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలో లక్ష్యంగా ఉన్నవారికి అసలు కథ ఇక్కడి నుంచి.

ఐబీలో ఆరు సబ్జెక్టులు. మూడు హయ్యర్ లెవెల్ (లోతుగా చదివేవి), మూడు స్టాండర్డ్ లెవెల్. ఒక్కోదానికి గరిష్ఠంగా 7 పాయింట్లు, అంటే 42. థియరీ ఆఫ్ నాలెడ్జ్ (మనకు తెలిసింది ఎలా తెలిసిందో ప్రశ్నించే కోర్సు), ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సొంత పరిశోధన వ్యాసం) కలిపి మరో 3. మొత్తం 45. డిప్లొమా చేతికి రావాలంటే కనీసం 24 ఉండాలి, దానికి తోడు ఇతర షరతులు కొన్ని ఉన్నాయి. క్యాస్ (సృజన, శారీరక కార్యకలాపాలు, సేవ) అనే మూడో వ్యవహారానికి పాయింట్లు లేవు, కానీ అది పూర్తి చేయకపోతే డిప్లొమా లేదు. ఏ లెవెల్స్‌లో సాధారణంగా మూడు సబ్జెక్టులు, ధైర్యం ఉన్నవారికి నాలుగు. గ్రేడ్లు ఏ స్టార్ (A*) నుంచి ఈ (E) వరకు.

ఐబీలో చేరితే అన్ని దారులూ తెరిచే ఉంటాయని ప్రవేశాల సమావేశాల్లో చెబుతుంటారు. నాకు ఇది సగమే నిజమనిపిస్తుంది. ఐబీలోనే రెండు రకాల మ్యాథ్స్ ఉన్నాయి: అనాలిసిస్ అండ్ అప్రోచెస్ ఒకటి, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ మరొకటి. రెండింటిలోనూ హయ్యర్, స్టాండర్డ్ ఉన్నాయి. ఇక్కడ తేలికగా ఉంటుందని రెండో రకం స్టాండర్డ్ లెవెల్ తీసుకుంటే ఇంజినీరింగ్ తలుపులు చాలావరకు ఆ రోజే మూసుకుపోతాయి, లెక్కలతో నడిచే ఎకనామిక్స్ కోర్సులు కూడా అంతే. ఐబీయా ఏ లెవెల్సా అన్న ప్రశ్న మీద ఇంట్లో నెలల తరబడి చర్చ జరుగుతుంది. మ్యాథ్స్ ఫారం మాత్రం పది నిమిషాల్లో నింపేస్తారు. నిజానికి తలకిందులుగా జరగాలి.

నేను ఐబీ తీసుకున్నాను. హైదరాబాద్‌లో మా పాఠశాలలో రెండూ ఉండేవి. హయ్యర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్. స్టాండర్డ్‌లో ఇంగ్లిష్, హిందీ, కెమిస్ట్రీ. ఇంజినీరింగా, ఎకనామిక్సా అన్నది నాకు అప్పటికి తేలలేదు, అందుకే. నా పక్క బల్ల మిత్రుడికి మ్యాథ్స్ తప్ప మరేదీ రుచించేది కాదు. వాడు ఏ లెవెల్స్‌లో మ్యాథ్స్, ఫర్దర్ మ్యాథ్స్ (ఇంకా పై స్థాయి లెక్కల సబ్జెక్టు), ఫిజిక్స్ తీసుకున్నాడు. అది సరైన లెక్కే. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ చదవాలంటే ఏ లెవెల్ విద్యార్థికి ఫర్దర్ మ్యాథ్స్ తప్పనిసరి. అంత స్పష్టత ఉన్నవాడు హిందీ వ్యాసాలు రాస్తూ కూర్చోవడంలో అర్థం లేదు.

ఇద్దరం చదివిన తీరు చూస్తే తేడా మీకే తెలుస్తుంది. వాడి భారమంతా పరీక్ష హాల్లోనే. వాడిది కేంబ్రిడ్జ్ బోర్డు: మొదటి ఏడాది చివర ఏఎస్ అనే సగం కోర్సు పేపర్లు, రెండో ఏడాది ఏ2 అనే మిగతా సగం పేపర్లు. ఏఎస్ మార్కులు చివరి గ్రేడులో కలుస్తాయి కాబట్టి సగం దూరంలోనే తన స్థితి ఏమిటో వాడికి తెలిసిపోయింది. ఫిజిక్స్‌లో మూడో పేపరు ప్రయోగశాల పరీక్ష, అయిదో పేపరు ప్రయోగాన్ని కాగితం మీద రూపొందించడం. చాలామంది రెండో ఏడాది థియరీ అయిన నాలుగో పేపరు మీదే పడి అయిదో దాన్ని చివరి వారానికి వదిలేస్తారు. వాడు పాత పేపర్లతో పాటు పరీక్షకుల నివేదికలు కూడా చదివేవాడు. విద్యార్థులు ఎక్కడ మార్కులు పోగొట్టుకుంటున్నారో అందులో ప్రశ్నలవారీగా రాసి ఉంటుంది, ఉచితంగా దొరికే ట్యూషన్ అది. మరో సౌకర్యం: కేంబ్రిడ్జ్ బోర్డు మన దేశంలోని పాఠశాలల కోసం మార్చిలోనూ పరీక్షలు పెడుతుంది, ఫలితాలు మేలో వస్తాయి. అన్ని సబ్జెక్టులూ ఉండవు కాబట్టి మీవి ఉన్నాయో లేదో చూసుకోండి.

నా భారం రెండేళ్ల పొడవునా పరుచుకుని ఉండేది. ప్రతి సబ్జెక్టులోనూ ఇంటర్నల్ అసెస్‌మెంట్, అంటే పాఠశాలలోనే చేసి మార్కులు వేయించుకునే పని, ఉంటుంది. మ్యాథ్స్, ఫిజిక్స్‌లలో దానికి 20 శాతం. ఎకనామిక్స్‌లో వార్తాకథనాల మీద 800 పదాలకు మించని వ్యాఖ్యలు మూడు రాయాలి. ఒకటి నేను గుంటూరు మిర్చి ధరల మీద రాశాను. డిమాండు, సప్లయి రేఖలు పాఠ్యపుస్తకంలో ఎంత చదివినా బుర్రకెక్కలేదు, యార్డులో ధర పడిపోయిన వార్త పక్కన గీసినప్పుడే ఎక్కాయి. ఎక్స్‌టెండెడ్ ఎస్సే గరిష్ఠంగా 4000 పదాలు. ఫిజిక్స్‌లో, వీణ తీగ బిగింపుకూ పలికే స్వరానికీ సంబంధం మీద రాశాను. మా అమ్మమ్మ వీణ మీద కొలతలు తీయడానికి ఆవిడ పెట్టిన షరతులు ఐబీ షరతులకంటే కఠినం.

ఐబీ తీసుకునేవారికి నా సలహా ఇదే: ఎక్స్‌టెండెడ్ ఎస్సే మొదటి చిత్తుప్రతి రెండేళ్ల మధ్య వచ్చే వేసవి సెలవుల్లో పూర్తి చేయండి. రెండో ఏడాది సెప్టెంబరు నుంచి విశ్వవిద్యాలయాల దరఖాస్తులు మొదలవుతాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకూ బ్రిటన్ మెడిసిన్ కోర్సులకూ అక్టోబరు మధ్యలోనే గడువు. ఆ తర్వాత ఇంటర్నల్ అసెస్‌మెంట్లు, ఆపై ప్రీ-ఫైనల్ పరీక్షలు. ఎస్సే అప్పటికీ మిగిలి ఉంటే నిద్ర మిగలదు. మార్క్ స్కీమ్‌లు (ఏ జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే పత్రాలు) చదివేటప్పుడు ప్రశ్నలోని క్రియాపదాన్ని పట్టుకోండి. వివరించమంటే ఎంత రాయాలి, మూల్యాంకనం చేయమంటే ఎంత అన్నది ఐబీ స్పష్టంగా నిర్వచించింది. ఎకనామిక్స్‌లో నా మార్కులు పెరిగింది కొత్త పాఠాలు చదివినందువల్ల కాదు, దీనివల్లే.

ప్రెడిక్టెడ్ గ్రేడ్ల, అంటే దరఖాస్తులో పాఠశాల చూపే అంచనా గ్రేడ్ల, సంగతి కూడా గుర్తుంచుకోండి. దరఖాస్తు చేసేనాటికి ఏ లెవెల్ విద్యార్థి చేతిలో అసలైన ఏఎస్ ఫలితం ఉండొచ్చు. ఐబీ విద్యార్థికి ఉండేది ఉపాధ్యాయుల అంచనా మాత్రమే, దానికి ఆధారం చాలావరకు మొదటి ఏడాది చివరి పరీక్షలు. మొదటి ఏడాది విశ్రాంతి అని సీనియర్లు ఎవరైనా చెబితే నమ్మకండి.

చేరే ముందు పాఠశాలలో ఆ కోర్సు చూసే కోఆర్డినేటర్‌ను ఇవి అడగండి: మీరు కోరుకున్న హయ్యర్ సబ్జెక్టులు టైంటేబుల్‌లో ఢీకొనకుండా వస్తాయా, ఫర్దర్ మ్యాథ్స్ చెప్పే ఉపాధ్యాయులు నిజంగా ఉన్నారా, ఇద్దరు విద్యార్థులే చేరినా ఆ తరగతి నడుపుతారా. మన దేశంలో చదివే ఉద్దేశం ఏ కాస్త ఉన్నా, మీ సబ్జెక్టుల కలయికకు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, తుల్యత ఇస్తుందో లేదో వారి నిబంధనల్లో మీరే చదువుకోండి. పాఠశాల వాళ్లు "ఏం ఫరవాలేదు" అంటే, ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపమనండి.