ముఖచిత్రం పని: రఫ్ (చిత్తు బొమ్మ) దశలోనే తేల్చుకోవాల్సినవి

ముఖచిత్రం వేసిపెట్టమని ఎవరైనా అడిగితే మన నోట వచ్చే మొదటి ప్రశ్న కథేమిటని. కథ తెలియాల్సిందే. కానీ పుస్తకం సైజు, పేజీల సంఖ్య, కాగితం మందం తెలియకుండా పెన్సిలు పట్టుకుంటే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట మూడూ కలిసి ఒకే షీటు మీద అచ్చవుతాయి మరి.

ఎ5 పుస్తకం తీసుకుందాం: 148 × 210 మి.మీ. 200 పేజీలంటే 100 కాగితాలు. ఒక్కో కాగితం మందం 0.1 మి.మీ. అయితే వెన్ను 10 మి.మీ. వస్తుంది. కత్తిరింపు కోసం చుట్టూ 3 మి.మీ. బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు బొమ్మ, వేయాలి. అంతా కలిపితే వెడల్పు 312, ఎత్తు 216. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది 3685 × 2551 పిక్సెళ్లు. పేజీల సంఖ్య ఇంకా ఖరారు కాలేదంటే నేపథ్యాన్ని అటూ ఇటూ మరో 10 మి.మీ. పొడిగించి వేసుకోవడం మేలు. వెన్ను అంచు దగ్గర రంగు ఠక్కున మారేలా మాత్రం పెట్టకండి. బైండింగులో ఒకట్రెండు మిల్లీమీటర్లు జరగడం మామూలే. అలా జరిగినప్పుడు వెన్ను రంగు ముందు అట్ట మీదికో వెనక అట్ట మీదికో సన్నటి పట్టీలా వచ్చేస్తుంది.

రఫ్‌లు మూడు చాలు, నలుపు తెలుపుల్లోనే. రంగు పెడితే క్లయింటు చూపు రంగు మీదికే పోతుంది, కూర్పు గురించి మాటే రాదు. రఫ్‌లోనే పుస్తకం పేరును అసలు అక్షరాలతో పెట్టి చూడాలి. ఖాళీ డబ్బా గీసి 'ఇక్కడ టైటిల్' అని రాసేస్తే తెలుగులో అస్సలు కుదరదు. పైన గుడులు, కింద ఒత్తులు. 'స్త్రీ' లాంటి అక్షరం ఒక్కటున్నా చాలు, ఆ వరుస కిందికి దిగిపోయి పాత్ర నుదుటి మీద కూర్చుంటుంది. అప్పుడు డిజైనర్ చేసేది అక్షరాలను చిన్నవి చేయడమో, బొమ్మను కోయడమో. రెండూ నష్టమే.

ఇక అభిప్రాయాల సంగతి. 'ఇంకాస్త జీవం కావాలి' అని కబురొస్తే వెంటనే మార్చేయొద్దు. చూడగానే ముందు కంటికి ఆనాల్సింది ఏమిటో, ఇప్పుడు ఆనుతున్నది ఏమిటో అడగండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. రఫ్ ఒప్పుకున్నాక రెండు వాక్యాల మెయిల్ పంపండి: 'రెండో రఫ్ ఖాయం. అమ్మాయి ఎడమవైపు చూస్తుంది, చేతిలో లాంతరు, సమయం రాత్రి. ఇక్కణ్నుంచి రంగులకు వెళ్తున్నాను.' రఫ్‌లో రెండు విడతల మార్పులు, రంగుల్లో ఒక విడత అని ఒప్పందంలో ముందే రాసుంటే ఈ మెయిలే హద్దు అవుతుంది. రంగులయ్యాక రాత్రిని పగలు చేయమంటే అది మార్పు కాదు, కొత్త బొమ్మ. వెలుగు దిక్కు, నీడలు, చర్మం రంగు అన్నీ మళ్లీ వేయాలి. దానికి విడిగా డబ్బు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

డబ్బు విషయంలో మూడే మాటలు. పని మొదలుపెట్టే ముందు అడ్వాన్సు. మధ్యలో ఆపేస్తే ఏ దశకు ఎంత రావాలో ముందే రాత. ఇచ్చే హక్కులు ఏ భాషకు, ఏ రూపానికి, ఎన్నేళ్లకు అన్న వివరం. కాగితం మీద వేసిన అసలు బొమ్మ ఎవరిదో కూడా రాయండి. అచ్చు హక్కు ఇచ్చినంత మాత్రాన ఆ కాగితం ఇచ్చేసినట్టు కాదు.

అచ్చులో తెరమీది రంగులన్నీ రావు. మెరిసే నీలం ఊదాకు తిరుగుతుంది, చిలకపచ్చ చప్పబడుతుంది. ప్రెస్ వాళ్ల కలర్ ప్రొఫైల్ (వాళ్ల అచ్చులో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని, మొదటి నుంచీ ప్రూఫ్ వ్యూ (అచ్చులో ఎలా ఉంటుందో తెరమీదే చూపే పద్ధతి) పెట్టుకునే రంగులు వేయండి. చివర్లో సీఎంవైకేకి, అంటే సియాన్ (లేత నీలం), మజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు రంగులకు, మార్చి ఏడవడం ఎందుకు? పెద్ద నల్లటి భాగాలకు సియాన్ 60, మజెంటా 40, పసుపు 40, నలుపు 100 లాంటి మిశ్రమం నిండుగా ఉంటుంది. మొత్తం 240 శాతం, ప్రెస్ చెప్పిన ఇంకు పరిమితి లోపలే ఉందో లేదో చూసుకోవాలి. సన్నటి గీతలకూ అక్షరాలకూ మాత్రం ఉత్త నలుపు 100 ఒక్కటే వాడాలి. ఒక్కో రంగును అచ్చువేసే నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా మిశ్రమ నలుపు గీతల అంచుల్లో రంగులు తొంగిచూస్తాయి. పూత లేని కాగితమైతే ఇంకును పీల్చుకుంటుంది, చుక్క వ్యాపిస్తుంది, కాబట్టి ముదురు నీడలను ఒక మెట్టు లేతగా చేసి పంపాలి. మ్యాట్ లామినేషన్ (అట్ట మీద అంటించే మెరుపులేని పలచటి పొర) కూడా రంగుల మెరుపును కొంత తగ్గిస్తుంది.

ఫైలులో పాత్రలు ఒక లేయర్‌లో (విడిగా జరపగలిగే పొరలో), నేపథ్యం ఇంకో లేయర్‌లో ఉంచండి. పాత్ర వెనక కూడా నేపథ్యం పూర్తిగా వేసి ఉండాలి. పోస్టరుకో అడ్డ బ్యానరుకో పాత్రను జరపమని రేపు తప్పకుండా అడుగుతారు, వాటి వాడకం ఫీజు వేరే. అచ్చుకు పంపేది మాత్రం లేయర్లు కలిపిన టిఫ్ లేదా పీడీఎఫ్. మొదటి ప్రూఫ్‌ను (నమూనా అచ్చును) పగటి వెలుతురులో చూడండి, ముందుగా మొహాలనే చూడండి. మజెంటా కాస్త ఎక్కువైనా అన్నిటికంటే ముందు చర్మంలోనే తెలిసిపోతుంది.