పెద్ద అక్వేరియం: ముందు చేపలా, ముందు తొట్టెనా?

ఇంట్లో పెద్ద అక్వేరియం పెట్టుకోవాలనుకున్నప్పుడు ఆలోచన సహజంగా గాజు తొట్టె కొలతల మీదికే పోతుంది. కనీసం నాలుగు వందల లీటర్లయినా ఉండాలని నేనూ అనుకున్నాను గాని, ఏ ఆకారపు తొట్టె కావాలో చేపలు ఖాయమైతే తప్ప తేలదు. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టెలో అంచుదాకా నింపితే 432 లీటర్ల నీరు పడుతుంది. 150 పొడవు, 60 వెడల్పు, 45 ఎత్తు ఉన్నదానిలో 405 లీటర్లు పడుతుంది. నీటిలో తేడా కొద్దిపాటిదే అయినా, పొడవు, ఎత్తు రెండూ కలిగిన రెక్కలతో నిదానంగా తిరిగే ఏంజెల్ ఫిష్‌కు లోతైన మొదటి తొట్టె నప్పుతుంది. గుంపుగా ఈ చివర నుంచి ఆ చివరకు ఈదే టెట్రాలనే చిన్న చేపలకు రెండవది నప్పుతుంది. పైగా రెండవదానిలో నీరు తక్కువైనా గాలి తగిలే ఉపరితలం నాలుగో వంతు ఎక్కువ. ప్రాణవాయువు నీటిలో కలిసేది ప్రధానంగా ఆ ఉపరితలం ద్వారానే కనుక ఇది చిన్న లాభం కాదు.

చేపలను ఎంచుకునే ముందు కుళాయి నీటి కఠినత్వం (కరిగిన ఖనిజ లవణాల పాళ్లు), పి.హెచ్. (ఆమ్ల, క్షార గుణాల కొలత) పరీక్షించుకోవాలి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ జాతి చేపలకు కఠినమైన క్షారజలం కావాలి. అమెజాన్ పరీవాహక ప్రాంతపు చేపలు చాలావరకు మెత్తని, కొంచెం ఆమ్లగుణం గల నీటికి అలవాటుపడినవి. రసాయనాలు కలిపి నీటిని చేపకు తగినట్లు మార్చవచ్చు గాని, ప్రతివారం నీరు మార్చిన ప్రతిసారీ అదే పని చేయాలి. ఏ వారం లెక్క తప్పినా బాధ చేపలదే. ఇంట్లో ఉన్న నీటికి తగిన చేపలను తెచ్చుకోవడమే నా దృష్టిలో తెలివైన పద్ధతి. మా నీరు మెత్తనిదే కనుక టెట్రాల వైపు మొగ్గాను.

ఇన్ని లీటర్లకు ఇన్ని అంగుళాల చేపలు అనే లెక్క విస్తృతంగా ప్రచారంలో ఉంది. చేప పొడవు రెట్టింపైతే దాని బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది, మేతా వ్యర్థమూ దానితోపాటే బాగా పెరుగుతాయి. ఆ లెక్క ఈ సంగతిని పట్టించుకోదు. అందుకే దుకాణంలో వేలెడు పొడవున కనిపించే సక్కర్ ఫిష్, ఆస్కార్ నా జాబితాలోకి రాలేదు: రెండూ అడుగు పొడవు పెరగగలవు. ఏంజెల్ ఫిష్‌ను వదులుకోవడం మాత్రం కష్టమనిపించింది. కానీ పెరిగిన ఏంజెల్ ఫిష్ తన నోట పట్టే చిన్న టెట్రాను తినేస్తుంది. అది దాని స్వభావం, కోపగించుకుని లాభం లేదు.

రకానికి రెండు చొప్పున ఇరవై రకాలు నింపితే అది సంతలా ఉంటుందే గాని, ఏ చేపా తన సహజ ప్రవర్తన చూపదు. కాబట్టి మూడు రకాలతో సరిపెట్టుకోవాలని తీర్మానించుకున్నాను. నలభై కార్డినల్ టెట్రాలు; వీటి ఎర్రచార నియాన్ టెట్రాలో లాగా సగం నుంచి మొదలుకాక ఒంటి పొడవునా ఉంటుంది. అడుగున పన్నెండు స్టెర్బాయ్ కోరీడోరస్‌లు, అంటే చిన్న క్యాట్‌ఫిష్‌లు. ఇవి 26 డిగ్రీల వెచ్చదనాన్ని బాగా తట్టుకుంటాయి, మీసాలతో ఇసుకను తడుముతూ మేత వెతుక్కుంటాయి కనుక వాటికోసం కంకర మాని సన్నని నునుపైన ఇసుక వేయాలి. పైభాగానికి ఒక మగ, రెండు ఆడ పెర్ల్ గురామి చేపలు. మొక్కల్లో తక్కువ వెలుతురుతో బతికే అనూబియాస్, జావా ఫెర్న్‌లను ఇసుకలో పాతకుండా మొద్దుకు కట్టాలి, ఎందుకంటే వేరుకాండం కప్పబడితే కుళ్లుతుంది.

అమరికలో మొదటి సమస్య బరువు. నీరు, ఇసుక, గాజు, బల్ల కలిపితే అర టన్ను దాటుతుంది. తొట్టెను నేల గట్టిదనం తెలుసుకుని, గోడవారగా, రసమట్టంతో సరిచూసిన బల్ల మీద నిలపాలి. ఒక పెద్ద హీటర్‌కు బదులు రెండు చిన్నవి పెడితే, ఒకటి ఆగకుండా వేడెక్కుతూ పోయినా నీరంతా ప్రమాదకరంగా కాగడానికి చాలా సమయం పడుతుంది. ఒకటి పనిచేయకపోయినా రెండవది ఆదుకుంటుంది. ఇదే కారణంతో, తొట్టె బయట ఉండి నీటిని వడకట్టే క్యానిస్టర్ ఫిల్టర్లు కూడా రెండు. వాటిని వంతులవారీగా, తొట్టెలోంచి తీసిన నీటితోనే కడగాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ వాటిలో పెరిగిన బాక్టీరియాను చంపేస్తుంది.

ఆ బాక్టీరియా పెరిగేదాకా చేపలు రాకూడదు. చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడవది నీరు మార్చడంతో అదుపులో ఉంటుంది. ఖాళీ తొట్టెలో లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియా కలిపి, అదీ నైట్రైటూ ఒక్కరోజులో సున్నాకు దిగేవరకు పరీక్షిస్తూ ఉండాలి. సాధారణంగా దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తరువాత పేరుకున్న నైట్రేట్ పోయేలా నీటిలో ఎక్కువ భాగం మార్చి, ముందు కోరీడోరస్‌లను, పిదప రెండు విడతలుగా టెట్రాలను, చివరికి గురామిలను వదలాలి. ప్రతి విడతనూ కొన్ని వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి, తెల్లమచ్చల వంటి రోగలక్షణాలు లేవని రూఢి చేసుకున్నాకే పెద్ద తొట్టెలోకి మార్చాలి.