బల్ల ఊగడం మానేసింది

ఆదివారం రాత్రి

భుజాలు లాగేస్తున్నాయి. గోళ్ల సందుల్లో జిగురు ఎండిపోయి ఉంది. అయినా ఇవాళ్టి సంగతి రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. గ్యారేజీలో పని బల్ల పూర్తయింది. నిలబడటం పోయిన వారమే నిలబడింది, ఇవాళ ఊగడం మానేసింది. ఈ రెండూ ఒకటి కావని నాకు ఇవాళే గట్టిగా తెలిసొచ్చింది.

ఇన్నాళ్లూ ఒక పాత రాత బల్ల మీదే నెట్టుకొచ్చాను. రంపం పట్టి నాలుగు లాగులు లాగితే బల్ల కూడా దాంతో పాటు ముందుకీ వెనక్కీ వచ్చేది. ఎడమ చేత్తో చెక్కని అదిమి, మోకాలితో బల్ల కాలిని అదిమి, మిగిలిన బలంతో కోసేదాన్ని. గీత మీద మొదలైన కోత ఎప్పుడూ పక్కకి పోయేది. నాకు చెయ్యి తిరగలేదేమో అనుకుంటూ ఏళ్లు గడిపేశాను.

పోయిన రెండు ఆదివారాలూ కాళ్లకే సరిపోయాయి. ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉన్న కర్రలు తీసుకుని, ఒక్కో కాలికి రెండేసి జతచేసి జిగురుతో అతికించాను. లోపలి కర్రని కావాలనే కురచగా కోశాను. దాని తల మీద అడ్డకర్ర వచ్చి కూర్చుంటుంది. పైన ఎంత బరువు పెట్టినా అది కర్ర నుంచి కర్రలోకి దిగి నేలకి పోతుంది. ఆ రెండూ విడిపోకుండా పట్టి ఉంచితే చాలు, బోల్టుకి వేరే పని లేదు. అలా కాకుండా అడ్డకర్రని కాలి పక్కన ఆనించి నాలుగు స్క్రూలు బిగించినా బల్ల నిలబడుతుంది. అప్పుడు బరువంతా ఆ నాలుగు స్క్రూల మెడల మీద పడుతుంది. జిప్సం బోర్డులకి వాడే నల్ల స్క్రూలైతే మరీ ప్రమాదం. చూడటానికి గట్టిగానే ఉంటాయి గానీ పెళుసు, వంగకుండా పుటుక్కున తెగుతాయి.

పొద్దున తమ్ముడు వచ్చాడు. వస్తూనే రెండు చేతులతో చట్రం మీద తన బరువంతా వేసి చూశాడు. కిర్రుమనలేదు. తర్వాత ఒక చివర నిలబడి పొడుగు వైపుగా నెట్టాడు.

"అక్కా, నీ బల్ల మీద ఏనుగు ఎక్కినా కుంగదు. కానీ ఇలా పక్కకి తోస్తే చూడు."

చూశాను. నాలుగు కాళ్లూ ఒక్కసారిగా ఒక పక్కకి ఒరిగి మళ్లీ వెనక్కి వచ్చాయి. ఎక్కువేమీ కాదు, పై అంచు దగ్గర ఒక వేలెడు. రంపం లాగేటప్పుడు సరిగ్గా ఆ వేలెడే ప్రాణం తీస్తుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు వారాల పని, అంత మందం కాళ్లు, ఇంతా చేస్తే పాత బల్లలాగే ఊగుతోంది.

అప్పుడు వాడు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, లోపలి డబ్బా బయటికి లాగి, ఖాళీ తొడుగుని నా చేతిలో పెట్టాడు. వేళ్లతో నొక్కితే అది ఏటవాలుగా ఒరిగి చదునైపోయింది. డబ్బాని మళ్లీ లోపలికి తోసి నొక్కమన్నాడు. ఇక కదల్లేదు. తొడుగు ఏమీ మందంగా మారలేదు. లోపల ఇంకో పలక అడ్డం పడేసరికి మూలలు తిరగడానికి చోటు లేకుండా పోయింది, అంతే. నాలుగు పక్కలున్న ఏ చట్రమైనా మూలల దగ్గర ఒరుగుతుంది, కర్ర ఎంత మందంగా ఉన్నా సరే. మూడు పక్కలున్నది మాత్రం ఒరగలేదు, ఒరగాలంటే ఏదో ఒక కర్ర పొడవు మారాలి. కాబట్టి ఐమూలగా ఒక బద్ద వేసి చట్రాన్ని త్రికోణాలు చెయ్యాలి, లేదంటే ఒక పలకతో మూసెయ్యాలి. నేను బరువు గురించే ఆలోచించాను, పక్కకి తోసే బలం గురించి ఆలోచించనే లేదు.

పలక చేతిలోనే ఉంది. బల్ల పైభాగం కోసం ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటులోంచి ఆరడుగులు కోస్తే, రెండడుగుల వెడల్పు ముక్క ఒకటి మిగిలింది. దాన్ని మధ్యకి కోస్తే రెండు చదరాలు వచ్చాయి. వెనకవైపు రెండు చివర్లలో ఒక్కోటి పెట్టాం. ఒక్కో చదరం కాలినీ పై అడ్డకర్రనీ కింది అడ్డకర్రనీ కలిపి పట్టుకుంటుంది. బిగించే ముందు ఐమూలలు కొలిచాం. ఒకటి రెండోదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. ఎక్కువున్న మూలలకి క్లాంపు అడ్డంగా వేసి కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండూ సమానమయ్యాక జిగురు పూసి, ఆరేసి అంగుళాలకి ఒక స్క్రూ దించాం. ఎదురెదురు పక్కలు సమానంగా ఉన్న చట్రంలో రెండు ఐమూలలు సమానంగా వచ్చాయంటే మూలలు నిటారుగా ఉన్నట్టే. మూలమట్టం పెట్టి చూడటం కన్నా ఇంత పెద్ద చట్రానికి ఇదే నమ్మకం.

తమ్ముడు మళ్లీ తోశాడు. చట్రం ఊగలేదు, మొత్తంగా నేల మీద జరిగింది! అంత ఆనందం నాకు ఈ మధ్య కలగలేదు.

తర్వాత నేల సంగతి. గ్యారేజీ నేల తలుపు వైపు వాలుగా ఉంటుంది, బండి మీది నీళ్లు లోపల నిలవకుండా బయటికి పోవాలి కదా. మా గ్యారేజీలో ఆ వాలు ఆరడుగులకి 18 మిల్లీమీటర్లు ఉంది. రసమట్టం పెట్టి, తలుపు వైపు కాళ్ల కింద చీలికలు దోపుతూ బుడగ మధ్యలోకి వచ్చేదాకా లేపాం. ఆ తర్వాతి పని నాకు చాలా ఇష్టం. 20 మిల్లీమీటర్ల మందం ముక్క మీద పెన్సిల్ ఆనించి, ముక్కని నేల మీద జరుపుతూ ప్రతి కాలి చుట్టూ గీత గీయాలి. నేల ఎలా వాలి ఉంటే గీత అలాగే వస్తుంది. కొలవక్కర్లేదు, లెక్క వెయ్యక్కర్లేదు. గోడ వైపు కాళ్లకి 20 మిల్లీమీటర్లు పోయింది, తలుపు వైపు కాళ్లకి రెండే పోయింది. ఈ కోతకని ముందే కాళ్లు కాస్త పొడుగ్గా ఉంచడం మంచిదైంది. చట్రాన్ని పక్కకి పడుకోబెట్టి కోశాం.

కోసిన అరికాళ్లకి జిగురు నీళ్లగా కలిపి రెండు పూతలు వేశాను. కర్ర పక్కల నుంచి నీళ్లు లోపలికి పోవడం తక్కువే. తెగిన మొన నుంచైతే వత్తి నూనె పీల్చినట్టు పీల్చేస్తుంది. పూత ఆరాక రబ్బరు బిళ్లలు కొట్టాను.

పైభాగం నిన్న రాత్రే నేల మీద అతికించి పెట్టాను, ప్లైవుడ్ పలకలు రెండు కలిపి 36 మిల్లీమీటర్లు. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది, రెండు పలకలూ నిజంగా ఒకటిగా అతుక్కుంటేనే. ఊరికే ఒకదాని మీద ఒకటి పెడితే రెండు రెట్లే. అందుకే మూల మూలకీ జిగురు పరిచి, మధ్యలో రంగు డబ్బాలు బరువుగా పెట్టాను. స్క్రూలన్నీ అడుగు నుంచే. పైన లోహం తగలకూడదు, ఉలి మొన పోతుంది. ముందు అంచు చట్రం కన్నా రెండంగుళాలు బయటికి వదిలాను, క్లాంపు పట్టుకోవడానికి. ఎత్తు 34 అంగుళాలు. నిటారుగా నిలబడి చేతులు వేలాడదీస్తే నా మణికట్టు మడత అక్కడికి వస్తుంది. చిత్రిక పట్టేవాళ్లకి ఇంకాస్త తక్కువ ఎత్తు బాగుంటుంది, సన్నపని చేసేవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. నేను రెండూ చేస్తాను కాబట్టి మణికట్టు దగ్గర ఆగాను.

మధ్యాహ్నమంతా అరలు. వాటికోసం నిచ్చెనల్లాంటి చట్రాలు నాలుగు ముందే కట్టి ఉంచాను. నిచ్చెన మెట్టు మీద అర కూర్చుంటుంది, ఇక్కడా కర్ర మీద కర్రే. మొదట మూడు చట్రాలు చాలనుకున్నాను, మధ్యలో ఒకటి, చివర్లలో రెండు. అప్పుడు ఒక్కో ఆసరాకీ నాలుగు అడుగుల ఎడం వస్తుంది. నాలుగు చట్రాలు పెడితే 32 అంగుళాలు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అర అంతటా సమానంగా సామాను పరిస్తే దాని వంపు ఎడానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 48 అంగుళాల దగ్గర వంగేది 32 దగ్గర వంగేదానికి ఐదు రెట్లు. ఇంకో చట్రం కట్టడానికి ఒక పూట పట్టింది, ఆ పూట దండగ కాలేదు. అరల ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల బద్దని నిలువుగా కొట్టాం కూడా. బద్దని పడుకోబెడితే పెద్దగా లాభం లేదు, నిలబెడితేనే వంగనివ్వదు. మొదటి బద్దకి తమ్ముడు కన్నం పెట్టకుండానే చివర స్క్రూ దించాడు, బద్ద రెండుగా చీలింది. తర్వాత అన్నిటికీ ముందు సన్న కన్నం వేశాకే స్క్రూ.

నా పొరపాటు ఇంకోటి. షీటుని 1220 మిల్లీమీటర్ల వెడల్పులో మూడు సమాన భాగాలుగా గీసి రెండు గీతల మీదా కోశాను. రంపం తినే 3 మిల్లీమీటర్లని లెక్కలోకి తీసుకోలేదు. రెండు కోతలకి మొత్తం ఆరు పోయి, రెండు పక్కలా రంపం తిన్న మధ్య అర మిగతావాటికన్నా సన్నగా వచ్చింది. ఇక ముందు గీత గీసేటప్పుడే రంపం మందం తీసెయ్యాలి. లేదంటే ఒక ముక్క కోశాక మిగిలినదాన్ని మళ్లీ కొలిచి రెండో గీత గీయాలి. ఆ సన్న అరని పైన పెట్టాం. పెయింటు డబ్బాలు, బ్యాటరీ, మేకుల పెట్టె వంటి బరువులన్నీ కింద అరలోకి, తేలికవన్నీ పైకి.

ఏడడుగుల ఎత్తు, 16 అంగుళాల లోతున్న అరలు ఎంత గట్టిగా కట్టినా గోడకి కట్టెయ్యాల్సిందే. చిన్నపిల్లలెవరైనా మెట్లనుకుని ఎక్కితే మీద పడతాయి. గోడకి కన్నం వేసి లోపలి దుమ్మంతా ఊదేశాకే, స్క్రూ పట్టే ప్లగ్గు కొట్టాం. దుమ్ము ఉంటే ప్లగ్గు ఊరికే తిరుగుతుంది, బిగిసినట్టు కనిపిస్తుంది గానీ లాగితే వచ్చేస్తుంది.

పొద్దు వాలేటప్పటికి పనంతా అయింది. అప్పుడు తీరిగ్గా మిగిలిన ముక్కొకటి బల్ల అంచున పెట్టి, క్లాంపు బిగించి, మూలమట్టంతో గీత గీసి రంపం పట్టాను. మోకాలు వాడలేదు. బల్ల ఉందని కూడా తెలియలేదు, అసలు కదిలితేగా. రంపం చప్పుడే మారిపోయింది, గరగరమనే చోట సర్రుసర్రుమంటూ తెగింది. తెగిన మొనకి మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే సందు లేదు. నా చెయ్యి ఇన్నాళ్లూ బాగానే ఉందన్నమాట. ఆ ముక్క మీద పెన్సిలుతో తేదీ వేసి పై అరలో పెట్టాను.

"ఇంక లేచి మొహం కడుక్కో, జుట్టంతా పొట్టే" అన్నాడు తమ్ముడు. ముందు నూనె పూయాలన్నాను. అవిసె నూనె గుడ్డతో రుద్దుతుంటే ప్లైవుడ్ ఎర్రగా, లోతుగా రంగు తేలింది. పావుగంట ఆగి, పీల్చుకోనిదంతా తుడిచేశాం. తుడిచాక వాడు ఆ గుడ్డలని ఉండ చుట్టి మూల చెత్తబుట్టలో పడేశాడు. నేను వెంటనే తీసేశాను. అవిసె నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది, ఉండగా ఉంటే లోపలే పేరుకుపోయి, నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. ఇంత కష్టపడి కట్టింది, అదీ చుట్టూ పొట్టు పడి ఉండగా!

రేపు సాయంత్రం చెక్కని దవడల మధ్య బిగించి పట్టే వైస్ బల్లకి బిగించాలి, ఎడమ కాలికి ఆనుకునే. మధ్యలో పెడితే సుత్తి దెబ్బకి పలక వణుకుతుంది. ఒక నెల పోయాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి, కర్ర ఆరుతూ అడ్డంగా సన్నబడుతుంది కదా, వాషర్లు వదులవుతాయి.

గుడ్డలు మూడూ బయట సిమెంటు నేల మీద విడివిడిగా పరిచి వచ్చాను. గాలి లేదు గానీ, తలా ఒక రాయి పెట్టాను.