వెన్ను ఆపరేషన్ గాయం ఎందుకు మానలేదు

నడుములోని నాలుగు, ఐదు పూసలను స్క్రూలు, రాడ్లతో కలిపి బిగించిన పదకొండో రోజున అమ్మ కట్టు మీద రూపాయి బిళ్ళంత పసుపు మరక కనిపించింది. తగ్గుముఖం పట్టిన నొప్పి అప్పటికే మళ్ళీ మొదలైంది. కుట్ల దగ్గర ఊరే నీరే కదా అని మరో రెండు రోజులు ఆగాము. ఆగకుండా ఆ రోజే సర్జన్‌కు చూపించవలసింది.

గాయంలో క్రిములు చేరి వచ్చే ఇలాంటి ఇన్ఫెక్షన్లన్నీ ఆపరేషన్ థియేటర్‌లోనే అంటుకుంటాయని నేను అనుకునేదాన్ని. ఎక్కువ పూసలను కలిపినా, ఆపరేషన్ గంటల తరబడి సాగినా, రక్తం ఎక్కించవలసి వచ్చినా, పాత కోత మీదనే మళ్ళీ కోసినా ముప్పు పెరిగే మాట నిజమే. అయితే అమ్మ విషయంలో చాలా భాగం అంతకు ముందే, మా ఇంట్లోనే నిర్ణయమైపోయిందని ఇప్పుడు నమ్ముతున్నాను. ఆపరేషన్ రోజు పరగడుపు షుగర్ 130 ఉందని అందరం నిశ్చింతగా ఉన్నాము. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 8.9 ఉంది. చాలామంది సర్జన్లు, తొందర లేని ఆపరేషన్‌కు అది 7.5 లేదా 8 లోపు ఉండాలని చూస్తారు. షుగర్ ఎక్కువగా ఉంటే తెల్లరక్తకణాలు క్రిములతో సరిగా పోరాడలేవు, సన్నని రక్తనాళాల గుండా గాయానికి అందవలసినదీ అందదు. బరువు విషయంలోనూ తూకం ఒక్కటే కాక, కోత పెట్టే చోట చర్మం కింద కొవ్వు ఎంత మందంగా ఉందన్నదీ ముఖ్యమే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని పెద్దమ్మ చెప్పగా, ఆపరేషన్‌కు నెల ముందు నుంచే అమ్మ పప్పు, గుడ్డు మానేసి చారన్నంతో సరిపెట్టుకుంది. పెద్దమ్మది ప్రేమే, కాని గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులను మేమే ఆపేశాము. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తి 3.5 కంటే తక్కువగా ఉంటే గాయం మానడం కష్టమవుతుంది; అమ్మకు 3.1 వచ్చింది. పొగాకు అలవాటున్నవారు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. కీళ్ళవాతానికి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు సొంతంగా ఆపకుండా సర్జన్‌కు ముందే చెప్పాలి.

అమ్మకు గాయం తెరిచి శుభ్రం చేశారు. ఎముక ఇంకా అతుక్కోలేదు కనుక, లోహం మీద క్రిములు పొరలా పట్టుకునే ప్రమాదం ఉన్నా, స్క్రూలను అలాగే ఉంచి వారాల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చారు.

ఇప్పుడు పిన్నికీ ఇదే ఆపరేషన్ అవసరమైంది. ఆమె హెచ్‌బీఏ1సీ 8.4 రావడంతో, కాళ్ళలో బలహీనత వంటి తొందరపెట్టే లక్షణాలేవీ లేవని నిర్ధారించుకున్నాక, సర్జన్ ఎనిమిది వారాలు వాయిదా వేశారు. పిన్ని రోజూ పప్పు తింటోంది.